మెట్ల కింద గదిలో వేడిగాలి

రాత్రి పదకొండు దాటాక ఆ లేడీస్ హాస్టల్లో మెట్ల కింద గదివైపు ఎవరూ వెళ్లరు. వెళ్లినవాళ్లెవరూ నడిచి తిరిగి రాలేదు... పరిగెత్తుకుంటూ వచ్చారు.

గదిలో పెద్దగా ఏం లేదు. ఒక పాత టీవీ, కుంగిపోయిన సోఫాలు రెండు, టీవీ పక్కన పొట్టి బల్ల మీద ఒక గేమ్ మెషీను — చదువైపోయి వెళ్తూ వెళ్తూ సీనియర్లు వదిలేసింది. సాయంత్రాలు అమ్మాయిలంతా అక్కడే కార్ల రేసులాడతారు, పోట్లాడుకుంటారు, పగలబడి నవ్వుతారు. ఆ భవనం మొత్తంలో గట్టిగా నవ్వినా 'ష్' అనేవాళ్లు లేని చోటు అదొక్కటే.

రాత్రయితే మాత్రం...

తలుపుకున్న గాజుపలకలోంచి తొంగిచూసిన వాళ్లు చెప్పేది ఒకటే. నీలం వెలుతురు. నేలమీద ఒక ఆకారం, మెడ వంచుకుని, జుట్టు విరబోసుకుని. కిటికీ లేని గదిలో ఆ జుట్టు మెల్లగా పైకి లేస్తూ ఉంటుంది. పక్కనే మెషీను 'ఊ...' అని ఏడుస్తూ ఉంటుంది. ఇరవై నిమిషాలకి టక్కుమని అంతా చీకటి.

ఈ సంగతి హాస్టలంతా చాటింది రెండో అంతస్తు రేడియో. ఆ పిల్ల అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. రేడియో చెప్పినదాంట్లో సగం తీసేసి వినాలని అందరికీ తెలుసు. ఏ సగం తీసేయాలో తెలియక ముగ్గురు హాస్టలే ఖాళీ చేసి పోయారు.

దాంతో ఓనరు దిగాడు. అందరినీ హాల్లో నిలబెట్టి, "రేపు పొద్దున మెషీను పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాం. గదికి తాళం," అన్నాడు.

పక్కనే వార్డెన్ నేల చూపులు చూస్తోంది. ఆవిడ నేల చూసే మనిషి కాదు మరి.

"ఆగండి సార్," అంది లాయరు.

ఆ పిల్ల చదివేది లెక్కలే. కానీ నీళ్లు రాకపోయినా, ఆదివారం గేటు మూసినా, ముందు నిలబడి నిలదీసేది తనే కాబట్టి ఆ పేరు పడింది.

"అది దెయ్యం కాదు, దుమ్ము. లోపల ఫ్యాను ఉంటుంది. దుమ్ము పట్టి గాలాడకపోతే అది పిచ్చెత్తినట్టు తిరుగుతుంది. మీరు ఏడుపంటున్నది ఆ చప్పుడే. వేడి మరీ ఎక్కువైతే మెషీను తనంతట తనే ఆగిపోతుంది. ఒక్క రాత్రి టైమివ్వండి, బాగుచేస్తా."

"మరి జుట్టు?" అన్నాడు ఓనరు.

"అదీ తేలుస్తా."

"పొద్దున ఏడింటికొస్తా. గంటసేపు చప్పుడు లేకుండా నడవాలి. జుట్టు ఎవరిదో తేలాలి. రెండిట్లో ఏది తేలకపోయినా తాళమే."

అలా ఆ రాత్రి పదకొండున్నరకి లాయరు మెట్ల కింద గదిలో నేలమీద బాసింపట్టు వేసుకు కూర్చుంది. టార్చి పట్టుకోవడానికి రేడియోని లాక్కొచ్చింది. రేడియో ఒక కాలు గదిలో పెట్టి, ఒక కాలు బయటే ఉంచింది.

"లోపలికి రావే."

"ఇక్కణ్ణించి కూడా వెలుగు పడుతుందిగా," గుసగుసగా అంది రేడియో.

వైరు పీకేసి, మెషీను బాగా చల్లారేదాకా ఆగి, మరలు ఒక్కొక్కటే విప్పి మూత తీసింది లాయరు. దుమ్ము... కాదు, కంబళి. వేడిని లాగేసే లోహపు రేకుల మధ్య సందు లేకుండా మందంగా, బూడిదరంగులో పరుచుకుని ఉంది. పెయింటు బ్రష్షుతో దులిపింది. గాలి కొట్టే చేతిపంపు కోసం అటు తిరిగింది.

మళ్లీ ఇటు తిరిగేసరికి — ఫ్యాను తిరుగుతోంది.

వైరు గోడకి లేదు. చేతిలో పంపు ఇంకా కొట్టనే లేదు. ఫ్యాను మాత్రం... మెల్లగా... ఒక చుట్టు. ఆగింది. మళ్లీ ఒక చుట్టు.

లాయరు కళ్లు మాత్రమే పైకెత్తి చూసింది.

ఎప్పుడొచ్చిందో, రేడియో తన భుజం మీదుగా వంగి, నోరు తెరుచుకుని, రొప్పుతోంది.

"నీ ఊపిరే తల్లీ. పక్కకి జరుగు."

రెక్కల మధ్య ఐస్‌క్రీం పుల్ల గుచ్చింది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను తిరగనిస్తే పాడైపోతుంది. గాలి కొట్టింది. ఇరుసు దగ్గర ఏదో చిక్కుకుని ఉంది. పట్టకారుతో లాగింది. వచ్చింది... ఇంకా వచ్చింది... మూరెడు వెంట్రుక. టార్చి వెలుగులో పెట్టి చూస్తే పొడవంతా నలుపే. మొదట్లో గోరంత మేర మాత్రం — తెలుపు.

"ఈ హాస్టల్లో అందరికీ ఇరవై ఏళ్లేగా," అంది రేడియో, ఏడుపు మింగుతూ.

లాయరు రేకులు ఊడదీసి, చిప్పు వేడిని వాటికి అందించే పేస్టు ఎండిపోతే తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టి, మరలు బిగించి, వైరు తగిలించింది. మీట నొక్కింది. చప్పుడు లేదు. చంపేశానా అనుకుంది. అప్పుడు టీవీ మీద కార్లు కదిలాయి. చప్పుడే లేదు, మెషీను నడుస్తోంది.

చేతులకంటిన నలుపు కడుక్కుందామని ఇద్దరూ కుళాయి దగ్గరికి వెళ్లారు. అయిదు నిమిషాలు.

తిరిగొచ్చేసరికి గదిలో దీపం ఆరిపోయి ఉంది. నీలం వెలుతురు. మెషీను వెనక... జుట్టు విరబోసుకుని... మెడ వంచుకుని...

రేడియో లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు రెండో అంతస్తు దాటిపోయింది.

లాయరు కాళ్లు మాత్రం కదల్లేదు. ధైర్యం కాదు, కదల్లేదంతే.

ఆకారం తలెత్తింది. నల్లటి నీటిచుక్కలు టపటపా రాలాయి.

"ఏం చేశావమ్మా దీన్ని?" అంది, దిగులుగా. "గాలి వేడిగా రావట్లేదు."

వార్డెన్.

హాస్టల్లో జుట్టు ఆరబెట్టుకునే మిషన్లు వాడకూడదని నోటీసు అంటించింది ఆవిడే. ఆవిడ జుట్టుకి రంగని ఎవరికీ తెలియకూడదు. అందుకే వారానికి రెండు రాత్రులు, తెలుపు తొంగిచూస్తే రంగేసుకుని, తలస్నానం చేసి, మెషీను వేడెక్కాలని పెద్ద రేసాట ఒకటి పెట్టి, మెషీను వెనక నుంచొచ్చే వేడిగాలికి తల వాల్చేది. రాలిన వెంట్రుకల్ని మెషీను లోపలికి పీల్చుకునేది.

"ఎవరికీ చెప్పకమ్మా. పాతికేళ్లుగా ఈ పిల్లల ముందు తలెత్తుకు తిరిగా."

"చెప్పను మేడమ్. ఆ నోటీసు మాత్రం తీసేయండి."

పొద్దున ఏడింటికి ఓనరొచ్చాడు. గంటసేపు సోఫాలో కూర్చున్నాడు. మెషీను ఊపిరి కూడా వినిపించలేదు.

"ఫ్యాను సంగతి ఒప్పుకున్నా. జుట్టు?"

అమ్మాయిలంతా లాయరు వైపు చూశారు. లాయరు నోరు తెరిచింది. మూసేసింది. ఒక్క మాట చెప్తే గది నిలుస్తుంది. ఆ మాటే చెప్పనని మాటిచ్చింది.

ఓనరు జేబులోంచి తాళం తీశాడు.

"నాదేనండీ ఆ జుట్టు," అంది వార్డెన్. అని, అందరి ముందూ ముడి విప్పి, పాపిటకి అంటుకున్న రంగు చూపించింది. అంతా చెప్పింది.

ముందు రేడియో కిసుక్కుమంది. తర్వాత గదంతా నవ్వింది, వార్డెనూ నవ్వింది. ఓనరు తాళం మళ్లీ జేబులో వేసుకున్నాడు. "ఉంచుకోండి మీ గది," అని లేచి, గుమ్మం దగ్గర ఆగాడు.

"సిగ్గేసి ఎవరికీ చెప్పలేదుగానీ, మొన్న రాత్రి నేనూ చూసి పరిగెత్తా. మీరని తెలిస్తే... అవునూ, ఆ రెండో ఆవిడెవరు?"

"రెండో ఆవిడా?"

"మీ వెనకాల కూర్చుని పాయలు విడదీసి ఆరబెడుతోంది కదా."

వార్డెన్ చెయ్యి మెల్లగా తన తలమీదికి వెళ్లింది.

"నేను... గాలి అనుకున్నానండీ."