పుస్తకంలోంచి తీసేసిన పేజీ

పొద్దున్నే గుమ్మం ముందు మంచులో పార్సిల్ పడి ఉంది. మార్లిస్ కాఫీ సంగతి కూడా మరిచిపోయి దాన్ని విప్పేసింది. లోపల భర్త ఆర్విడ్ రాసిన పుస్తకం. పదవి దిగిపోయిన దేశాధ్యక్షుల కాగితాలు దాచే గ్రంథాలయాల గురించి. అలాంటి ఒకదాంట్లోనే ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడాయన.

ఆయన రాస్తున్నప్పుడు ఒక్కటే అడిగిందామె, కొడుకు క్రెయిగ్ పేరు అందులో ఉండాలని. ప్రతి వేసవిలో ముగ్గురూ కారేసుకుని ఆ గ్రంథాలయాలన్నీ తిరిగేవారు. పంతొమ్మిదేళ్ళకే వాడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. మధ్యాహ్నానికల్లా చివరి పేజీ కూడా తిప్పేసింది. వాడి ఊసే లేదు.

"ఇదేం పుస్తకం ఆర్విడ్? అలమరాల పొడుగు, గదుల్లో తేమ, అట్టపెట్టెల లెక్క! నిద్రమాత్రలు మానేసి రోజుకో పేజీ చదువుకోవచ్చు."

"ఆ పని చేసేవాళ్ళ కోసం రాశాన్లే."

"వాళ్ళూ పారిపోతారు. మన పిల్లాడేడి? టెక్సస్‌లో గ్రంథాలయం కాపలావాణ్ణి నవ్వించి, అడ్డంగా కట్టిన తాడు దాటి అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నాడే, అదేది?"

"రాశాను. తీసేశాను."

"ఎందుకు తీశావ్? పదకొండేళ్ళయింది, వాడి పేరు నీ నోట విని. కాగితం మీద కూడా ఉండనివ్వవా? అంత బరువయ్యాడా వాడు నీకు?"

ఆర్విడ్ లేచి కోటు తగిలించుకుని, పార పట్టుకుని మంచు ఎత్తడానికి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ అంతే ఈ మనిషి, మాట పెరిగితే మంచు గుర్తొస్తుంది.

ఒళ్ళు మండి మార్లిస్ ఆయన గదిలోకి వెళ్ళింది. రాతప్రతిని కూడా ఆఫీసులోలాగే బూడిదరంగు పెట్టెల్లో సర్దుకున్నాడు. వాళ్ళ పనిలో ఒక పద్ధతుంది. బతికున్నవాళ్ళ సొంత విషయాలు జనానికి చూపించరు. అవి ఉన్న కాగితాన్ని తీసి వేరే దాచి, దాని చోట ఏం తీశారో, ఎందుకు తీశారో రాసిన చీటీ పెడతారు. ఆ మనిషి పోయాకే కాగితం బయటికొస్తుంది. భోజనాల దగ్గర ఎన్నిసార్లు చెప్పాడో!

టెక్సస్ అధ్యాయంలో ఒక పేజీ లేదు. దాని చోట చీటీ ఉంది. పెన్సిల్‌తో, ఆయన గుండ్రటి అక్షరాలు.

"తీసినది: క్రెయిగ్ గురించిన పేజీ. కారణం: బతికున్న వ్యక్తి."

మార్లిస్ నేల మీదే కూలబడి ఏడ్చింది. ఇన్నేళ్ళూ ఈయనది రాతిగుండె అనుకుంది. తను సమాధి మీద పూలు మారుస్తుంటే ఈయన కారు దిగకుండా కూర్చునేది ఎందుకో ఇప్పుడు తెలిసింది.

శాలువా అయినా కప్పుకోకుండా బయటికెళ్ళి ఆయన చేతిలోని పార పట్టుకుంది.

"చీటీ చూశాను ఆర్విడ్."

ఆయన తలెత్తలేదు. "పేజీ బయటపెడితే... వాడు పోయాడని నేనే రాసిచ్చినట్టు కదా."

"పోయాడయ్యా. నన్నొక్కదాన్నే ఏడవమని వదిలేశావు ఇన్నాళ్ళూ."

ఆర్విడ్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. చివరికి, పదకొండేళ్ళ తర్వాత, "క్రెయిగ్" అన్నాడు. అని, ఆమె చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.