నలభై ఒకటో పాఠం

ఆసుపత్రుల కోరికల పట్టిక తొమ్మిదింటికే వచ్చింది. పదకొండయ్యేసరికి పొందికశాఖలో సువర్చల ఇరవైమంది విద్యార్థుల పాఠపొరలు సరిచేసింది. ఆసుపత్రి పాలన చదివేవాళ్ళ చెవి వెనక ఉండే ఆ పొరలో ఎన్ని పాఠాలు ఎక్కించినా, చివరికి ఆసుపత్రులు అడిగినవే మిగలాలి. మూడు విడతలు ఎవరూ అడగని పాఠాన్ని పొందికశాఖ చెరిపేస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదని ఈ శాఖవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. అడిగే నోరు ఎవరికిచ్చారో మాత్రం చెప్పరు.

ఇరవై ఒకటో విద్యార్థిని దేవకి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆసుపత్రుల కోరికలతో ఆమె పొందిక నూటికి తొంభై ఆరు. ఉద్యోగానికి తొంభై ఎనిమిది కావాలి. అడ్డంగా ఉన్నది ఒక్కటే, నలభై ఒకటో పాఠం: శవం అప్పగింత. రాష్ట్రం మొత్తమ్మీద అది ఇంకా ఈ పిల్ల దగ్గరే మిగిలింది.

"తీసెయ్యండి మేడం," అంది దేవకి. "ఈ ఉద్యోగం రాకపోతే మా అమ్మకి డయాలసిస్ ఆగిపోద్ది."

"అందులో ఏముందో ఒకసారి చెప్పు."

"ఏముందండీ. చనిపోయినోళ్ళని మంచం నంబరుతో కాదు, పేరుతో చెప్పాలి. ఇంటోళ్ళని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వాలి. గేటు దాకా వాళ్ళ వెంట నడవాలి. మళ్ళీ రండి అని మాత్రం అనకూడదు."

సువర్చల చెరిపే మీట మీంచి చెయ్యి తీసేసింది.

రెండేళ్ళ కిందట చనిపోయిన భర్త పాండురంగాన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, అక్కడి మేనేజరు సంతకం చేయించుకుని, చక్కగా నవ్వి, "థాంక్యూ అమ్మా, మళ్ళీ రండి," అన్నాడు. చావింట్లో వెళ్ళొస్తానని కూడా అనరు కదా. అయినా ఆమె అతన్ని పల్లెత్తు మాట అనలేకపోయింది. అతన్ని గుర్తుపట్టింది. పొందిక తొంభై తొమ్మిది. నలభై ఒకటో పాఠాన్ని అతని పొరలోంచి తీసేసింది తన చేతులే. ఇంటికెళ్ళాక ఏడుద్దామన్నా సిగ్గేసింది. ఆ దుఃఖం ఇవాళ్టికీ లోపలే ఉండిపోయింది.

చెరిపితే ఆ పాఠం ఇక ఎవరికీ రాదు. చెరపకపోతే దేవకి తల్లి బతకదు.

సువర్చల కోరికల పట్టిక తెరిచింది. అందులో తప్పులు దిద్దే వీలు ఆమెకుంది, కోరే హక్కు లేదు. అడుగున కొత్త వరస చేర్చి రాసింది: నలభై ఒకటో పాఠం, తప్పనిసరి. కోరినవారు, ఉప్పులూరి సువర్చల.

యంత్రం లెక్క మళ్ళీ మొదటినుంచీ వేసింది. గోడమీది తెరలో అందరి పొందికలూ ఒక్కొక్కటే పడిపోయాయి. పావుగంటలో దేవకి తప్ప ఏ ఆసుపత్రికీ తగిన మనిషి లేకుండా పోయాడు. ఆమె ఒక్కతే వందకి చేరింది. ఆ పిల్ల అర్థంకాక గోడనీ సువర్చలనీ మార్చి మార్చి చూసింది.

ఫోన్ మోగింది. అవతల శాఖాధికారి.

"ఆ కోరిక ఎవరు పెట్టారమ్మా? ఏ ఆసుపత్రి?"

"ఆసుపత్రి కాదండి," అంది సువర్చల. రెండేళ్ళ ఏడుపు అప్పుడు వచ్చింది. "శవాన్ని తీసుకెళ్ళడానికి వచ్చినదాన్ని."