చెదిరిన కోడిపెట్టలు

"ఈ కోడికి రెండు తోకలేంటండీ?"

కొట్లో మట్టి కప్పుల మీద కోడిపెట్ట బొమ్మలు అద్దుతున్న డెర్వ్లా తలెత్తింది. తడిసిన టోపీ చేత్తో పట్టుకుని, వంకర సరుకు పెట్టే బల్ల దగ్గర నిలబడి ఉన్నాడో మనిషి.

"స్పాంజి జారింది. అందుకే సగం ధర."

"సగం ధరకి రెండు తోకలా! బేరం బాగుందే."

"కొంటారా, ఎగతాళి చేసి పోతారా?"

"రెండూ చేస్తాను," అని ఆ కప్పు కొనుక్కుని మరీ వెళ్లాడు.

అది కిందటి శరదృతువు మాట. పేరు ఫిన్‌బార్, పాల ట్యాంకర్ నడుపుతాడు. అప్పట్నుంచీ ప్రతి శనివారం వస్తున్నాడు. బల్ల మీద ఏది చెదిరి ఉంటే అది కొంటాడు, అదీ ఒక్కటే. మాట్లాడేది మాత్రం వాన గురించి. వాన పడకపోతే, పడబోయే వాన గురించి.

స్పాంజిని కోడిపెట్ట ఆకారంలో కోసి, నీలం రంగులో ముంచి, ఒకసారి కాల్చిన మట్టి కప్పు మీద అద్ది నిటారుగా పైకి తీయాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగినా బొమ్మ చెదిరిపోతుంది. డెర్వ్లా చెయ్యి జారడమన్నది ఎప్పుడో గానీ జరగదు. అదే ఇప్పుడు ఆమెకు బెంగ అయింది. శుక్రవారానికి ఒక్కటీ పాడవకపోతే అతను దేనికోసం వస్తాడు?

అందుకని శుక్రవారం సాయంత్రం మంచి కప్పొకటి తీసుకుని, కావాలనే చెయ్యి కదిపేది. సిగ్గేసేది. అయినా కదిపేది.

అతను వెళ్లాక కొట్టంతా తడిసిన ఉన్ని కోటు వాసన. ఆ కప్పులో టీ ఎవరు తాగుతారో, అతని ఇంట్లో భోజనాల బల్లకి అవతల ఎవరు కూర్చుంటారో అని ఆలోచిస్తూ ఉండిపోయేది. అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. తీరా నోరు తెరిస్తే వానే వచ్చేది.

"ఏమే, నీ చేతికేమొచ్చింది?" కొట్టు నడిపే ఎత్నా పిన్ని ఓ రోజు నిలదీసింది. "వారానికొకటి తగలేస్తున్నావ్. ఇక ఆ బల్ల ఉండదు. చెదిరినవి చెత్తలోకే."

"పిన్నీ!"

"పిన్నీ లేదు, గిన్నీ లేదు."

శనివారం ఫిన్‌బార్ వచ్చి ఖాళీ గోడకేసి చూశాడు.

"బల్లేదీ?"

"తీసేశాం."

"ఓహో." టోపీని అటూ ఇటూ తిప్పాడు. "వాన తగ్గేట్టు లేదు."

"లేదు."

తలుపు దాకా వెళ్లాడు. ఇప్పుడు పోతే మళ్లీ రాడనిపించింది డెర్వ్లాకి.

"మంచివి ఉన్నాయిగా! ఒక్కటీ తీసుకోరేం? ధర ఎక్కువనా?"

"ధర కాదు." అతను వెనక్కి తిరగలేదు. "మంచివన్నీ ఒక్కలాగే ఉంటాయి. చెదిరినదాంట్లో మీ చెయ్యి కనిపిస్తుంది. ఒక్కణ్నే తింటాను. అది ఎదురుగా ఉంటే మీరున్నట్టే ఉంటుంది."

ఇన్నాళ్లూ తను మోసిన దిగులే అతనూ మోశాడని తెలిసి ఆమెకు కళ్లు నిండాయి.

"అవి జారినవి కావు," అంది. "నేనే జార్చాను. నువ్వు రావాలని."

ఫిన్‌బార్ తిరిగాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"మరి ఒక్క మాట చెప్పొచ్చుగా! నేను వాన గురించి వాగుతుంటే వింటూ కూర్చున్నావా?"

"నువ్వు చెప్పొచ్చుగా!"

"బల్ల తీసేస్తే తప్ప ఇద్దరూ నోరు విప్పరని నాకు తెలుసు," లోపల కప్పులు కాల్చే బట్టీ దగ్గర్నుంచి పిన్ని గొంతు వినిపించింది. "ఊఁ, కానివ్వండి."

ఫిన్‌బార్ గొంతు సవరించుకున్నాడు. "రేపు భోజనానికి వస్తావా? గొర్రె మాంసం, బంగాళాదుంపలు. కప్పులకైతే లోటు లేదు..." అని ఠక్కున ఆగాడు.

"ఏమైంది?"

"ఇంట్లో కుర్చీ ఒక్కటే ఉంది."

డెర్వ్లాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"బాంట్రీ ఊళ్లో కొట్లు ఇంకా మూసుండరు. ఇప్పుడే వెళ్లి కొనుక్కొస్తాను," అంటూ అతను తలుపు తీశాడు.

"ఆగు," అంది డెర్వ్లా కోటు అందుకుంటూ. "కూర్చునేది నేను. కుర్చీ నేనే చూసి ఎంచుకుంటాను."