ఐదు దాటిన రేవు

ఆ వారంలో అది నాలుగో వరద. తాయారు లంక రేవులో కాలు మోపేసరికి వాన పడుతూనే ఉంది, కానీ చీర తడవడం లేదు. చినుకు నేలను తాకిన ఎంతసేపటికో గాని చప్పుడు వినిపించదు. బెల్లం వండే పాకల పక్కనుంచి నడిచినా వాసన రాదు. సర్వేకు వచ్చినవాళ్ళు వాసన సంగతి అడగలేదు మరి. సర్వే రోజున ఇంట్లో లేనివాళ్ళ ముఖాలు తుడిచేసిన పలకల్లా ఉంటాయి. వాళ్ళు కూడా అందరితో పాటే మూటలు నెత్తిన పెట్టుకుని రేవుకు వస్తారు.

పదకొండింటికి సైరన్ మోగింది. ఐదింటికి నీళ్ళొస్తాయి. లంకలో మూడొందల నలభై మంది, పడవలు నాలుగు, పడవకు పన్నెండు మంది. తొలి విడతలు చకచకా సాగుతాయి. మధ్యాహ్నం దాటాక ప్రవాహం పెరిగి పడవలు అవతలి ఒడ్డు నుంచి ఎంతకీ తిరిగి రావు. తాయారు గట్టు మీద నిలబడి చూస్తూ ఉంటుంది. సర్కారు తరఫున కల కనే కలదర్శి పని చూడడమే. మాట సాయమే గాని చేతి సాయం చేయకూడదు.

ఐదు కావస్తుండగా మరిడమ్మ వచ్చి పక్కన నిలబడింది. అరవై దాటిన మనిషి. గేదె లేకుండా కదలనని మొండికేసి, ప్రతి కలలోనూ చివరి పడవ కోసం మిగిలిపోతుంది. అసలు మరిడమ్మ అవతల నిజం లంకలో తన పాకలో తాను ఉంది. ఈమె సర్వే వివరాలతో కలల యంత్రం అల్లిన మరిడమ్మ.

"ఏం వదినా, మళ్ళీ ఎల్లిపోతన్నావా?"

తాయారు ఉలిక్కిపడింది. కలలోవాళ్ళకు నిన్నటి కల గుర్తుండకూడదు.

"నీకెలా తెలుసు?"

"తెలవక? రోజూ సూత్తన్నాం గందా. నీళ్ళు ఆ మలుపు కాడ కనబడ్డమే తరవాయి, నువ్వు మాయం. నువ్వెల్లేక ఇక్కడ అన్నీ ఆగిపోతాయమ్మా. ఏడిసే పిల్ల నోరు తెరిసినట్టే ఉంటాది. ఊపిరి తీసుకున్నోళ్ళం వదల్లేం." మరిడమ్మ గొంతులో నిష్ఠూరం లేదు, అదే తాయారుకు గుచ్చుకుంది. "ఆ తరవాత మాకేవవుద్దో నీకన్నా తెలుసా?"

గంట మోగింది. మణికట్టుకు కట్టిన మెలకువ తాడు లాగింది. తాయారు నిద్రపీట మీద కళ్ళు తెరిచింది.

ముందస్తు పరిశీలన భవనంలో పన్నెండు నిద్రపీటలున్నాయి. ప్రభుత్వం ఏ నిర్ణయం తీసుకోవాలన్నా, దాని కింద బతకబోయే జనం మధ్య ఒక కలదర్శి ఐదు రోజులు ముందుకల కనాలి. చేతులు కాలకముందే ఆకులు పట్టుకోవాలన్నది ఆ భవనం గుమ్మం మీద రాసి ఉన్న మాట. కలలో ప్రాణం పోయిన ప్రతిసారీ ముప్పంకె ఒకటి పెరుగుతుంది. గోడ మీది ముప్పంకె పద్దెనిమిదేళ్ళుగా సున్నా దగ్గరే ఉంది. దేశదేశాలవాళ్ళు వచ్చి ఆ సున్నాతో ఫొటో దిగి వెళ్తుంటారు.

ఉపసంచాలకుడు సూర్యచంద్రరావు ఫైలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. చెడ్డవాడు కాదు. కలదర్శులకు మందు వికటించి తలనొప్పి వస్తే తానే కాఫీ తెచ్చిచ్చే రకం. వరద హద్దు దాటితే మళ్ళింపు తలుపులు ఎత్తి నీటిని లంక మీదికి వదలాలి, నాలుగు లక్షల మంది ఉన్న పట్టణం దక్కుతుంది, లంకకు ఆరు గంటల ముందు హెచ్చరిక చాలు. ఇదీ నిర్ణయం.

"రేపటి కలతో అయిపోతుందమ్మా. ఎల్లుండి పొద్దున్నే మంత్రివర్గం. సున్నాయే కదా?"

"ఐదింటికి రేవులో ముప్పై ఎనిమిది మంది మిగిలారండీ."

"ప్రాణాలతోనే ఉన్నారా?"

"ఉన్నారు."

"మరింకేంటి?"

"నీళ్ళు ఐదింటికే కదండీ వచ్చేది."

సూర్యచంద్రరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కలదర్శులు పదింటికి వస్తారు, నిద్రమందు ఎక్కడానికి ఓ గంట. అందుకే సైరన్ పదకొండింటికి. డ్యూటీ ఐదు వరకు. ఇదేం నేను పెట్టిన రూలు కాదు తల్లీ. ఐదింటికి బతికున్నవాళ్ళు క్షేమం కిందే లెక్క. ఐదు దాటి ఉండిపోతే మర్నాడు పదింటి దాకా తాడు పైకి లాగలేదు. అంతసేపు కలలో ఉన్న మనిషి ఏం పోగొట్టుకుని లేస్తుందో డాక్టర్లకే తెలియదు."

తాయారు ఇంటికి వెళ్ళింది గాని అన్నం సయించలేదు. తాను కన్న కలల్లో కరువొచ్చినా, ఫ్యాక్టరీలో విషవాయువు లీకైనా, వంతెన కూలినా, అన్నీ ఆఫీసు వేళల్లోనే మొదలై ఆఫీసు వేళల్లోనే ముగిశాయి. సర్కారు గడియారంలో ఐదు తర్వాత లోకమే లేదు. ఇన్నేళ్ళలో తాను సంతకం పెట్టిన ఫైళ్ళు రెండొందల పన్నెండు. వాటిలో ఊపిరి బిగబట్టి నిలబడిపోయినవాళ్ళు ఎంతమందో! తనకిన్నాళ్ళూ ఆ అనుమానం రాలేదు. లేచి బస్సు అందుకోవాలన్న ధ్యాసే తప్ప మరొకటి లేదు. ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే భయమూ వేసింది.

మర్నాడు ఐదో కల. రేవు, వాన, తుడిచేసిన ముఖాలు, అన్నీ మామూలే. ఐదింటికి మలుపు దగ్గర నీళ్ళు గోధుమ రంగు గోడలా లేచాయి. గంట మోగింది. తాడు లాగింది. తాయారు గట్టు మీది కొబ్బరి మానును రెండు చేతులా కౌగిలించుకుని కదలకుండా నిలబడింది. తాడు లాగి లాగి సడలింది.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. యంత్రానికి ఐదు దాటాక ఏముంటుందో తెలియదు. ఆకాశం ఏ రంగు వేసుకోవాలో తోచక నీలమై, పసుపై, చివరికి నిజంగా మబ్బుపట్టింది. వాన చప్పుడు చినుకును కలుసుకుంది. చీర తడిసి ఒంటికి అంటుకుంది. కాలిన బెల్లం వాసన, బురద వాసన, గేదె వాసన ఒక్కసారిగా ముక్కుపుటాలను తాకాయి. తుడిచిన పలకల మీద కళ్ళూ ముక్కులూ తేలాయి. నోరు తెరిచి ఉన్న పిల్ల గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు వింటే తాయారుకు ప్రాణం లేచొచ్చినట్టయింది. కానీ అంతలోనే దిగువ మెట్ల మీద ఉన్న ఇద్దరిని నీళ్ళు తీసుకుపోయాయి.

"తాయారూ!" తాడులోంచి సూర్యచంద్రరావు గొంతు సన్నగా వినిపించింది. "ముప్పంకె కదిలింది! రెండు చూపిస్తోంది. యంత్రం పాడైందా?"

"ఇప్పుడే బాగుపడిందండీ."

"రేపు పొద్దున్న ఫైలు పోవాలి. ముందుకల నడుస్తుంటే ముద్ర పడదు. నువ్వు లేవకపోతే..."

"ఇంకా ముప్పై ఆరు మంది ఉన్నారు. వాళ్ళందరి సంగతీ తేలాకే లేస్తాను."

"నీళ్ళు ఎంతవరకొచ్చాయి? చెప్పు, రాసుకుంటాను."

తాయారుకు ఒళ్ళు మండింది. "రాసుకున్నది చాలండీ పద్దెనిమిదేళ్ళు. వచ్చి చూడండి."

ఐదు తర్వాత కలలోకి దిగకూడదని రూలేమీ లేదు. ఎవరైనా దిగుతారని రూలు రాసినవాళ్ళకు తట్టలేదు, అంతే.

గంట గడిచాక రేవు మెట్ల మీద ఒక మనిషి కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, కాలికి బూట్లు, మోకాళ్ళ లోతు నీళ్ళు. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ నిద్రపీట ఎక్కని సూర్యచంద్రరావు, చలికి వణుకుతూ, కళ్ళజోడు మీద పడుతున్న వానను పదేపదే తుడుచుకుంటున్నాడు.

"ఎవరు వదినా ఈయన?" అంది మరిడమ్మ.

"మళ్ళింపు తలుపులు ఎత్తమని ఆర్డరు రాసినాయన."

మరిడమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. తిడుతుందేమో అనుకుంది తాయారు.

"అలాగైతే అక్కడ నిలబడకండి బాబూ," అంది మరిడమ్మ చెయ్యి చాపి. "ఇలా పైకి రండి. నీళ్ళు అటేపు నుంచే వత్తన్నాయి."

ఆయన ఆ చెయ్యి పట్టుకుని గట్టెక్కాడు. చెయ్యి వెచ్చగా ఉన్నట్టుంది, వెంటనే వదల్లేదు. అవతలి ఒడ్డు నుంచి పడవ ఒక్కటే తిరిగి వస్తోంది, అటూ ఇటూ కొట్టుకుపోతూ. అందులో పన్నెండు మందికే చోటు.

సూర్యచంద్రరావు గట్టు మీద ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ చూపుడు వేలితో లెక్కపెట్టాడు. ముప్పై ఆరు. ఆగి, పడవ వైపు చూశాడు. తర్వాత తానూ వాళ్ళలో ఒకడినన్నట్టు వేలు తన గుండె మీద పెట్టుకుని, ఒకటి అంటూ మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టసాగాడు.