క్యాబేజీ మడిలో సైబీరియా పిట్ట

"మా క్యాబేజీల్లో ఏం పోగొట్టుకున్నారండీ?" అని అడిగాడు లౌరీ.

వానలో, బురదలో బోర్లా పడుకున్న పిల్ల తలైనా ఎత్తలేదు. నోరు మూసుకోమన్నట్టు వేలు చూపించింది. సొంత పెరట్లో ఇలా నోరు మూయించుకోవడం అతనికి అదే మొదలు.

ఆ పిల్ల రోనా. షెట్లాండ్ దీవుల్లో పిట్టల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ తెలుసు. పోయినేడు, ఇటువైపు ఎప్పుడో గాని రాని సైబీరియా పిట్టను చూశానంది. ఇంకొకరు వచ్చి చూసేలోగా అది కాస్తా ఎగిరిపోయింది. ఈ పిట్టలవాళ్ళలో ఒక్కసారి అబద్ధాలకోరని ముద్ర పడిందా, ఆ తర్వాత కాకిని చూశానన్నా నమ్మరు. పాపం, నవ్వులపాలైపోయింది.

ఇప్పుడు మళ్ళీ అదే రకం. ఎలుకలా నేలమీద పాకే గోధుమరంగు పిట్ట. తోక కొసన తెల్లచుక్కలు కనబడగానే ఆమె గుర్తుపట్టేసింది. ఒక్క ఫోన్ చేస్తే వందమంది పడవలెక్కి వచ్చేస్తారు, పోయిన పరువు తిరిగొస్తుంది.

ఫోన్ తీసింది కూడా. అంతలో కిటికీలోంచి దగ్గు వినిపించింది. దగ్గుతున్నది తన అమ్మ ఓస్లా అనీ, డాక్టర్లు చేతులెత్తేశారనీ చెప్పాడు లౌరీ. వందమంది గోల ఆమెకెందుకని రోనా ఫోన్ జేబులో పెట్టేసుకుంది. లౌరీ అక్కడే ఆ పిల్లమీద మనసు పారేసుకున్నాడు.

టీకి లోపలికి పిలిచాడు. మంచంమీంచే ఓస్లా పిట్ట సంగతంతా అడిగి రాబట్టింది.

"మళ్ళీ దాని ఊరు వెళ్తుందా?"

అబద్ధం చెప్పమని లౌరీ కళ్ళతోనే బతిమాలాడు. రోనా వల్ల కాలేదు.

"వెళ్ళదమ్మా. దారి తప్పింది. ఈ చలికి ఇక్కడే పోతుంది."

ఓస్లా కిటికీవైపు తిరిగింది. "అయితే పోయేలోపు నలుగురూ చూడనీ. పిలువు పిల్లా. నన్ను చూడ్డానికి ఎలాగూ ఎవరూ రారు. వచ్చినవాళ్ళని నేనే చూస్తాను."

మర్నాడు పెరడంతా జనం. నిరుడు నవ్వినవాళ్ళే రోనా ఎక్కడని అడిగారు. ఆమె ఓస్లా మంచం పక్కన ఉంది. ముసలామె ఆమె చెయ్యి వదల్లేదు. జనాన్ని చూస్తూ చూస్తూ, మధ్యాహ్నానికి ఆ చేతినీ, ప్రాణాన్నీ తనే వదిలేసింది.

"మీకోసం చూస్తున్నారు, వెళ్ళండి," అన్నాడు లౌరీ.

"వెళ్ళమంటావా?"

"వద్దు." ఇక ఏడుపు ఆగలేదు అతనికి. "ఉండిపో. ఈ పూటకే కాదు."

రోనా ఓస్లా చేతిని దుప్పటి కింద సర్ది, కిటికీ తెర వేసి, వచ్చి అతని పక్కన కూర్చుంది.