'దిగులు పడకు' అనే గది

ఆ ఆఫీసులో పై అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు.

పగలు ఎవరూ పట్టించుకోరు. తలుపు బార్లా తీసి ఉంటుంది, జనం వస్తుంటారు, పోతుంటారు. చీకటి పడిందా — ఇక ఆ నడవా వైపు కన్నెత్తి చూసేవాళ్ళు లేరు. గొడుగు అక్కడ మర్చిపోతే వానలో తడుస్తూ ఇంటికి పోయినవాళ్ళే గాని, వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నవాళ్ళు లేరు.

ఎందుకంటే, రాత్రిపూట ఆ గదిలోంచి ఒక మగగొంతు వినపడేది.

అరుపు కాదు. మూలుగు కాదు. పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు... మెల్లగా...

"దిగులు పడకు. పొద్దున్నే మళ్ళీ మొదలెడదాం."

అంతే. మళ్ళీ అంతా నిశ్శబ్దం.

ఆ గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. ఆ గదిలోనే ఏళ్ళతరబడి పనిచేసి, ఒక మధ్యాహ్నం ఆ కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయిన మనిషిది.

దేవుడి మీద ప్రమాణం, నేను కల్పించి చెప్పడం లేదు. విన్నది విన్నట్టు చెబుతున్నా. నాకు చెప్పింది మా అక్క కూతురు. కొత్త కంప్యూటర్ల మీద అందరూ పనిచేస్తారు. ఇది మాత్రం ఎక్కడో మూలపడ్డ పాత సిస్టమ్‌లని బతికించే పని నేర్చుకుంది. మా అక్క దాన్ని 'పాతసామాన్ల డాక్టరు' అంటుంది. ఆ డాక్టరుని ఆ గదికి పిలిచారు.

పని ఏమిటంటే... చూపులేని పిల్లల బడి ఒకటి ఉంది. వాళ్ళ పాఠాలు పైకి చదివి వినిపించే ప్రోగ్రాము ఆ చనిపోయినాయన రాసిందే. బడిలో మిషన్లన్నీ పాతవి, ఎవరో వాడి ఇచ్చేసినవి. వాటి ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా పాతది. ప్రోగ్రాము రాయడం ఒకెత్తు, రాసిన ముక్కలన్నిటినీ తెచ్చి, వరసగా పేర్చి, ఆ మిషన్ వేసుకునేట్టు ఒక్క చొక్కాగా కుట్టడం ఇంకో ఎత్తు. ఆ కుట్టుపని ఎలా చెయ్యాలో చెప్పే ఆజ్ఞల వరసనే వాళ్ళు బిల్డ్ స్క్రిప్టు అంటారు.

ఆయన పోయాక ఎవరో కుర్రాళ్ళు దాంట్లో కొత్త ఆజ్ఞలు చేర్చారు. వాళ్ళ కొత్త కంప్యూటర్లకి అవి తెలుసు. బడి మిషన్లకి జతగా ఆయన ఆ గదిలో పెట్టుకున్న ముసలి మిషన్‌కి తెలీవు. అక్కడికొచ్చేసరికి పని ఆగిపోయింది. పిల్లలకి కొత్త తరగతి పాఠాలు వచ్చాయి. చదివే గొంతు మాత్రం లేదు.

బడి మేష్టారు రోజూ ఫోన్ చేసేవాడు. "అయిందాండీ?"

"ఇంకా కాలేదండీ," అనేది ముందు బల్ల దగ్గర కూర్చునే ఆవిడ.

ఆవిడ ఎవరనుకున్నారు? ఆ చనిపోయినాయన భార్యే.

పైగదిలో గొంతు వినపడుతోందన్న మాట ఆవిడ చెవిన పడకూడదని ఆఫీసంతా ఒట్టు పెట్టుకుంది. ఇంటికెళ్తే గోడలే, పిల్లలు లేరు. అందుకని పని అయినా బల్ల దగ్గరే చాలాసేపు కూర్చునేది పాపం.

మా పిల్ల వెళ్ళిన మొదటి రోజే గేటు దగ్గర పెద్దాయన, అదే వాచ్‌మన్, పట్టుకున్నాడు.

"పైన పనా తల్లీ? పొద్దు ఉండగానే దిగొచ్చెయ్."

"ఏం, మీరు విన్నారా?"

"వినకేం! లైట్లు ఆర్పడానికెళ్ళాను. దిగులు పడకు అన్నాడు. నన్నే అనుకుని 'సరేనయ్యా' అన్నాను కూడా. మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది... ఆయన లేడు కదా అని. అంతే, మిగతా మెట్లు నేను దిగలేదు, అవే నన్ను దింపాయి."

మా పిల్ల నవ్వింది. రెండు రోజుల్లో గొంతు సంగతి తేల్చేసింది కూడా. స్క్రిప్టు అట్టడుగున ఒక్క ఆజ్ఞ ఉందట. పని మధ్యలో ఆగిపోతే, ఎర్ర అక్షరాలతో తిట్టడం కాకుండా, రికార్డు చేసిన ఒక మాట వినిపించమని. ఆయన పక్కగదిలో ఉన్నా వినపడాలని, ఆయన గొంతుతోనే పెట్టుకున్నాడు. రోజూ చీకటి పడగానే కుట్టుపని దానంతటదే మొదలవుతుంది, తప్పు జరిగితేనే ఆ మాట పలుకుతుంది. దెయ్యమూ లేదు, భూతమూ లేదు.

కానీ అసలు చిక్కు అక్కడే మొదలైంది.

మిషన్‌కి తెలియని ఆజ్ఞలు ఇంకా మిగిలుంటే అవన్నీ తీసేసి, తెలిసినవి పెట్టింది. పగలు ముక్కముక్కగా నడిపి చూసింది. ఎక్కడా ఆగలేదు. మొత్తం కుట్టడానికి ఆ ముసలి మిషన్‌కి రాత్రంతా పడుతుంది కాబట్టి, సాయంత్రం దాన్ని దాని పనికి వదిలేసి ఇంటికెళ్ళింది.

పొద్దున వచ్చి చూస్తే — ఆగిపోయి ఉంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. బయటినుంచి తెచ్చుకోవాల్సిన ముక్కలు తెచ్చుకోలేకపోయానని రాసుంది. తన ముందు వచ్చినవాళ్ళు కూడా అక్కడే చేతులెత్తేశారు. "పాత సిస్టమ్ కదా, ఆ ముక్కలిచ్చే కొత్త సర్వర్లు దాన్ని లోపలికి రానివ్వవు" అని తేల్చేసి వెళ్ళిపోయారు. వాళ్ళ వృత్తిలో అదో జబ్బట. ఏం చెడినా పాపం పాతదాని నెత్తినే రుద్దుతారు.

మా పిల్లకి మాత్రం మనసొప్పలేదు. "పగలు రానిచ్చిన సర్వర్లు రాత్రి ఎందుకు రానివ్వవు పిన్నీ?" అని నాకు ఫోన్ చేసింది.

"నాకేం తెలుసే! దేవుణ్ణి తలుచుకుని అక్కడే కూర్చుని చూడు," అన్నాను. అన్నానే గాని, ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

మేనేజరుకి చెప్పి, ఆ సాయంత్రం తను వెళ్ళిపోయిందనే అందరినీ నమ్మించి, గదిలో బీరువా వెనక కూర్చుంది. లైటు లేదు. మిషన్ మీద చిన్న పచ్చదీపం... దాని ఫ్యాను రొద... అంతే.

కింద ఒక్కో తలుపూ మూసుకుంది. మాటలు సద్దుమణిగాయి. పెద్దాయన దగ్గు గేటు వైపు వెళ్ళిపోయింది.

అప్పుడు...

నడవాలో అడుగుల చప్పుడు.

చెప్పులు లేని అడుగులు. తొందరేం లేదు. దారి బాగా తెలిసిన అడుగులు.

తలుపు తెరుచుకుంది. ఒక ఆకారం లోపలికి వచ్చింది. లైటు వెయ్యలేదు. తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి వంగింది... 'టక్'మని చిన్న చప్పుడు. తర్వాత వచ్చి, ఆయన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ ఉంటే, దాంట్లో కూర్చుంది.

 చిన్నప్పుడు నేను నేర్పిన దేవుడి నామం ఒక్కటే మా పిల్ల నాలుక మీద ఆడుతోందట, అదీ సగం సగమే.

ఆకారం కదల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా ఎదురుచూస్తోంది. ఫ్యాను రొద పెరిగింది... తగ్గింది... మళ్ళీ పెరిగింది...

"దిగులు పడకు. పొద్దున్నే మళ్ళీ మొదలెడదాం."

"ఊఁ..." అంది ఆకారం. "సరే."

ఆ 'సరే' విన్నాక మా పిల్లకి భయం పోయిందట. భయమంతా ఎటు పోయిందో తెలీదు పిన్నీ, ఏడుపొచ్చింది అంది. ఆ గొంతు పగలు రోజూ వింటూనే ఉంది. ఇంకా కాలేదండీ, ఇంకా కాలేదండీ అనే గొంతు.

"అక్కా..." అంది చీకట్లోంచి.

ఆవిడ ఉలిక్కిపడలేదు. "ఎవరూ, డాక్టరమ్మా?" అంది. ఆ పేరు అక్కడిదాకా పాకింది మరి!

"నేనే అక్కా."

"ఆయన వస్తువులు తీసుకుపోదామని వచ్చానమ్మా ఒకసారి," అంది ఆవిడ, ఎవరో అడిగినట్టు. "కళ్ళజోడు పెట్టె, కోటు... చేతిలో పట్టుకుని నిలబడ్డా. అప్పుడన్నాడు ఈ మాట. రోజూ వచ్చి వినేదాన్ని. తర్వాత ఎవరో వచ్చి ఏదో బాగు చేశారు... ఆ మాట ఆగిపోయింది. నాకు ఆయన మళ్ళీ పోయినట్టయింది. చీకట్లో తిరుగుతుంటే కాలికి ఈ వైరు తగిలి ఊడింది. కాసేపటికి... మళ్ళీ పలికాడు."

"అప్పట్నించీ రోజూ పీకుతున్నారు."

"పీకుతా. విన్నాక పెట్టేసి పోతా. ఎవరికీ నష్టం లేదు కదా?"

మా పిల్ల బీరువా వెనకనుంచి వచ్చి, ఊడి ఉన్న వైరు వైపు చూసింది.  ఆ చీకట్లోనే ఆవిడకి ఏదో అర్థమైంది.

"నష్టం ఉందా?"

"అక్కా... అది తప్పు జరిగినప్పుడు వచ్చే మాట. బయటి ముక్కలు ఆ వైరులోంచే వస్తాయి, అది లేకపోతే పని ఆగిపోతుంది. బడి పిల్లల ప్రోగ్రాము..."

"మేష్టారు అడిగేదా?"

"అదే."

"నేను రోజూ కాలేదు కాలేదు అని చెప్పేదా?" ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది. "ఆపుతున్నది నేనేనా?"

మా పిల్ల వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. ఆ గొంతుని ఫోన్‌లో పెట్టిస్తాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు నొక్కి వినొచ్చు అంది.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "పెళ్ళయినప్పట్నించీ ఆయన పని అయ్యేదాకా కింద బల్ల దగ్గర కూర్చోవడమే నాకు అలవాటు. ఇక్కడా అంతే. వైరు పీకి కూర్చుంటా. ఎప్పుడు పలుకుతాడో తెలీదు. ఆ కాసేపూ... పనిలో ఉన్నాడు, ఇప్పుడొచ్చేస్తాడు అన్నట్టుంటుంది. నీ ఫోన్‌లో ఆ కాసేపు ఎక్కడుంటుందే పిచ్చిదానా?"

"పోనీ..." మా పిల్ల ఇంకో దారి వెతికింది. "పిల్లల పని పిల్లలది. దానికి అడ్డు రాకుండా ఇంకో చిన్నది పెడతాను. రోజూ ఆగిపోయేట్టు, రోజూ ఆ మాట వచ్చేట్టు. ఎవరికీ తెలీదు."

ఆవిడ ఆశగానే విన్నది. మా పిల్ల చూసిందట, మిషన్ వెలుగులో ఆ ముఖం ఒక్క క్షణం విప్పారడం. తర్వాత అది మెల్లగా వాడిపోయింది.

"అంటే నా కోసం ఆయన్ని రోజూ ఓడిపోమంటావా?"

ఆవిడే మళ్ళీ అంది.

"మూడేళ్ళు కష్టపడ్డాడమ్మా ఆ పిల్లల కోసం. అన్నం తింటూ కూడా అదే ధ్యాస." లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. వంగి, చీకట్లోనే చేత్తో తడిమి, వైరు దాని చోట పెట్టేసింది. 'టక్'మంది. "మొదలుపెట్టు."

మా పిల్ల మొదలుపెట్టింది.

ఆ రాత్రంతా ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు. ఆవిడ తన కుర్చీలో. పక్కన ఆయన కుర్చీ అలాగే ఖాళీగా. మా పిల్ల కింద, గోడకి ఆనుకుని. మధ్యలో ఆవిడ ఆయన సంగతులు చెప్పింది. కోపం వస్తే చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకునేవాడట. పాట రాదు గాని ఈల బాగా వేసేవాడట. చెబుతూ చెబుతూ ఆగేది. మిషన్ వైపు చూసేది. ఫ్యాను రొద పెరిగింది... తగ్గింది...

కిటికీలో చీకటి పలచబడింది.

ఫ్యాను ఆగిపోయింది.

ఆవిడ ముందుకి వంగింది. చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

ఏ శబ్దమూ లేదు.

ఇంకాసేపు చూసింది.

"...ఏమీ అనలేదేం?"

"అయిపోయిందక్కా," అంది మా పిల్ల. "అంతా సవ్యంగా అయితే ఏమీ అనదు. అలా రాశాడు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపటికి, "ఆయనా అంతేలే," అంది. "బాగుంటే బాగుందని ఒక్కనాడన్నాడా!" నవ్వబోయింది. అది నవ్వు కాలేదు.

తర్వాత లేచింది. రెండు కుర్చీలూ బల్ల కిందకి నెట్టింది. తెల్లారాక మేష్టారు ఫోన్ చేస్తారు, అయిందని చెప్పాలి, ఇంటికెళ్ళి కాస్త ముఖం కడుక్కుని వస్తాను అంది. మా పిల్ల తోడు వస్తానంది. వద్దనలేదు.

గేటు దగ్గర పెద్దాయన దుప్పటి మడతపెడుతున్నాడు. ఇద్దర్నీ చూసి కంగారుపడ్డాడు. ఆవిడకి వినపడకుండా మా పిల్ల చెవి దగ్గరికొచ్చి గుసగుసలాడాడు —

"తల్లీ... రాత్రి పైన ఆయన గొంతు వినపడలేదేం?"

ఒట్టు పెట్టుకున్న మాట కదా. మా పిల్ల పెద్దాయనకి సైగ చెయ్యబోయింది.

ఆవిడే వెనక్కి తిరిగింది.

"పనైపోయింది పెద్దాయనా," అంది. "ఆయన ఇంటికెళ్ళిపోయాడు."

పెద్దాయన చేతిలో దుప్పటి జారిపోయింది. ఆ ఇంట్లో ఎవరూ లేరని ఆయనకి తెలుసు. మా పిల్లకి తెలుసు. ఆవిడకి తెలియదంటారా?

అయినా ఆవిడ — భగవంతుడా — ఇన్నేళ్ళూ తను ఎదురుచూసిన మనిషి, ఆ రోజు తన కోసం ఇంట్లో ఎదురుచూస్తున్నట్టు... గబగబా నడిచి వెళ్ళిపోయింది.