బోణీ ముఖం

నవంబరు పదకొండు, మంగళవారం, సాయంత్రం ఆరూ పది. ఆ వేళ ఆ ఇంట్లోవాళ్లకి ఇప్పటికీ గుర్తే. అమ్మడు గుమ్మంలో నిలబడి గొడుగు దులుపుతుంటే బావ గడియారం చూసి మరీ అన్నాడు.

"నాలుగున్నరకల్లా దిగిపోతానన్నావు. మీ కంపెనీ గడియారం వేరేనా ఏంటి?"

"ఆ మాట వానకి చెప్పండి బావా. నేను తడిసి ముద్దయి వస్తే టైము అడుగుతారేంటి."

అమ్మడు అక్కకి ఒక్కగానొక్క చెల్లెలు. ముప్పై రెండేళ్లొచ్చినా ఆ ఇంట్లో అమ్మడే. ముఖానికి రాసుకునే క్రీము కంపెనీకి బ్రాండ్ అంబాసిడరు. ఆ పేరు వింటే ఎవరో పెద్ద తార అనుకుంటారు గానీ, చేసే పని మాత్రం వ్యానులో ఊరూరూ తిరగడం, దుకాణాల్లో బల్ల వేసుకుని నిలబడడం, వచ్చేపోయేవాళ్లని నవ్వుతూ పిలిచి వాళ్ల ముఖాలకి క్రీము రాయడం. నెలకి ఇరవై మంచాలు మారేది. పొద్దున మెలకువ రాగానే తను ఏ ఊళ్లో ఉందో గుర్తు రాక, లాడ్జి సబ్బు మీద పేరు చదువుకుని తెలుసుకునేది. సాయంత్రానికి నవ్వి నవ్వి దవడలు లాగేసేవి. ఆరు వారాలకోసారి వ్యాను అక్క ఉండే ఊరి మీదుగా వెళ్లేది. ఆ ఒక్క రాత్రీ ఆమెకి లాడ్జి తప్పేది.

డ్రైవరు వెండి రంగు డెమో పెట్టె తెచ్చి ముందుగదిలో పెట్టాడు. మడత స్టూలు దానికి ఆనించి, "పొద్దున ఏడింటికి వస్తానండీ. ఇవాళైనా కడుపునిండా తినండి" అనేసి వెళ్లిపోయాడు. అక్క కూతురు గువ్వ, ఎనిమిదేళ్లది, అప్పటికే పెట్టె చుట్టూ తిరుగుతోంది.

"పిన్నీ, తాళం తీయవా?"

"తీయను. అందులో వస్తువులు పిల్లలవి కావు."

"స్టూలు మీద కూర్చోనా మరి?"

"కూర్చో. స్టూలుకి తాళం లేదుగా," అంది అమ్మడు, తల తుడుచుకుంటూ. పెట్టె తాళం చెవి ఆమె మెడలోని కంపెనీ కార్డు తాడుకే వేలాడుతోంది.

వంటింట్లో అక్క టీ పెట్టింది. అక్కాచెల్లెళ్లిద్దరూ పొయ్యి పక్కన పీటలేసుకున్నారు.

"అమ్మడూ, నాకు తెలీకడుగుతాను. సగం ముఖానికే రాస్తారట కదా. మిగతా సగం ఏం పాపం చేసింది?"

అమ్మడు నవ్వింది. "మొత్తం రాసేస్తే ఇంక కొనేదెవరే? నుదుటి నుంచి గడ్డం దాకా వేలితో గీత గీస్తాం. ఎడమవైపే రాస్తాం. తర్వాత అద్దం చేతికిస్తాం. ఒకవైపు నిగనిగలాడుతూ, ఇంకోవైపు వాడిపోయిన ముఖంతో ఏ ఆడదీ ఇంటికి పోలేదు."

"మాయలోళ్లు."

"ఖాళీ స్టూలు చూసి ఎవరూ దగ్గరికి రారు. అందుకని పొద్దున్నే ఆ దుకాణంలో పనిచేసే మనిషినే ఎవరినో బతిమాలి కూర్చోబెడతాం. బోణీ ముఖం అంటాం మేము. అది చూసి నలుగురూ మూగుతారు."

"అది సరే. మొదట్లో ఆ ఏటి అవతలి ఊరికి కూడా వెళ్లేదానివి కదా. ఈమధ్య ఆ ఊరి మాటే ఎత్తవేం?"

అమ్మడు గ్లాసులోకి చూస్తూ, "రూటు మారింది" అంది.

రూటు మారలేదు. మార్పించుకుంది.

జూలైలో ఆ ఊరి బట్టల దుకాణంలో బల్ల వేసినప్పుడు, పొద్దున పదకొండైనా ఒక్కరూ రాలేదు. మూల మిషను దగ్గర ఒక కుట్టుపనావిడ, సూది గుచ్చుకోకుండా వేలికి ఇనుప తొడుగు పెట్టుకుని, ప్యాంట్లు పొట్టి చేస్తోంది. అమ్మడు వెళ్లి చేయి పట్టుకుంది. "నా ఒంటికి ఏదీ పడదమ్మా, వద్దు," అని ఆవిడ మొహమాటంగా నవ్వింది. "నా కోసం రెండే నిమిషాలు అక్కా," అని అమ్మడు లాక్కొచ్చింది. ఒంటికి క్రీము పడుతుందో లేదో ముందే అడిగి ఒక కాగితం మీద సంతకం తీసుకోవాలి. ఆ హడావుడిలో తీసుకోలేదు. పైగా ఆ డబ్బాలు గడువు దాటినవి. మూత తీయగానే గులాబీ వాసన కింద పాత నూనె కంపు కొట్టింది. అమ్మడి ముక్కుకి తెలిసింది. తెలిసే రాసింది.

రాత్రికి ఆవిడ ఎడమ చెంప కాలినట్టు పొంగింది. మర్నాడు కంపెనీ నుంచి ఫోను. సంతకం కాగితం ఎక్కడ, లేకపోతే నీ ఉద్యోగం లేదు అన్నారు. అమ్మడు లాడ్జి గదిలో కూర్చుని, ఆవిడ పేరు తనే రాసి సంతకం పెట్టి పంపేసింది. ఆ కాగితం చూపించి కంపెనీ వాళ్లు ఆవిడతో, నువ్వే ఏ ఇబ్బందీ లేదని రాసిచ్చావు కదా అన్నారు. దుకాణం యజమాని ఆవిడని అబద్ధాలకోరని పనిలోంచి తీసేశాడు. ఆవిడ అమ్మడికి పదకొండుసార్లు ఫోను చేసింది. పన్నెండోసారి ఎత్తితే, "నాకేమీ ఇవ్వొద్దమ్మా. ఆ సంతకం నాది కాదని ఒక్కమాట చెప్పు. అంతే," అంది. అమ్మడు ఫోను పెట్టేసి ఆ నంబరు రాకుండా చేసుకుంది. చీము లోపలికి పాకి, జ్వరం దిగక, పంతొమ్మిదో రోజున ఆవిడ పోయింది.

ఇది అక్కకి తెలీదు. పైవాడికి తప్ప ఎవరికీ తెలీదనుకుంది అమ్మడు.

టీ అయిపోయింది. వాన జోరు తగ్గి చూరు నుంచి బొట్లు బొట్లుగా పడుతోంది. ముందుగదిలోంచి గువ్వ మాటలు వినిపిస్తున్నాయి.

"ఎడమవైపేనా ముందు?"

స్టూలు కిర్రుమంది.

"చల్లగా ఉంది."

"ఎవరితోనే అది మాట్లాడేది?" అంది అక్క.

"తనలో తనే. డెమో ఆట ఆడుతోంది."

"కాదు, పిన్ని రాయలేదు," అంది గువ్వ అవతల. "తాళం తీయనంది."

అప్పుడు వాసన వచ్చింది. గులాబీలు... వాటి కింద పాత నూనె.

అమ్మడి చేతిలో గ్లాసు నేల మీద పడింది. ఆ డబ్బాలన్నీ కంపెనీ వాళ్లు ఆగస్టులోనే గోతిలో పూడ్చేశారు. తన కళ్లముందే పూడ్చారు.

ముందుగదిలో లైటు వేసి లేదు. వీధి దీపం వెలుగు కిటికీలోంచి అడ్డంగా పడుతోంది. పెట్టె తాళం తాళంగానే ఉంది. కానీ లోపల ఉండాల్సిన గులాబీ రంగు గుడ్డ గువ్వ మెడకి కట్టి ఉంది. పిల్ల స్టూలు మీద కదలకుండా కూర్చుంది. కళ్లు మూసుకుని, గడ్డం పైకెత్తి, అమ్మడు అందరికీ చెప్పేలాగే కూర్చుంది. ముఖం ఎడమ సగం తెల్లగా ఉంది. నుదుటి నుంచి గడ్డం దాకా గీత గీసినట్టు, వెంట్రుకవాసి తేడా లేకుండా.

"గువ్వా... ఎవరు రాశారే?"

"కుట్టే ఆంటీ. కదలొద్దంది పిన్నీ." పెదాలు కూడా పూర్తిగా కదపలేదు పిల్ల. "ఆంటీ వేలికి ఇనుప టోపీ ఉంది. భలే చల్లగా ఉంది."

అమ్మడు దగ్గరికి వంగి చూసింది. గదిలో ఇంకెవరూ లేరు. కానీ పిల్ల బుగ్గ మీద వేలితో నొక్కినట్టు ఒక చిన్న గుంట పడి ఉంది. ఆ గుంట కదులుతోంది. చెంప మీద గుండ్రంగా తిరుగుతూ... మెల్లగా... కంటి వైపు వెళుతోంది.

అమ్మడు ఆ గుడ్డ అంచు లాగి క్రీము తుడిచింది. తుడిచినచోట మళ్లీ తెల్లబడింది. ఇంకా గట్టిగా తుడిచింది. కింద చర్మం ఎర్రబడుతోంది.

"మంటగా ఉంది పిన్నీ."

అక్క పరుగెత్తుకొచ్చింది. వెనకే బావ. "ఏం రాశావే పిల్లకి?" అంది అక్క. చేయి చాచింది గానీ స్టూలు దాకా రాలేకపోయింది. గాలికే ఆనుకున్నట్టు ఆ చేయి మధ్యలో ఆగిపోయింది. బావ ఇంకో వైపు నుంచి రాబోయాడు. అతనూ ఆగిపోయాడు.

అమ్మడి చెవి దగ్గర ఎవరో ఊపిరి పీల్చారు. నోట్లో దారం పెట్టుకుని మాట్లాడేవాళ్ల గొంతు.

"సగమే చేస్తారుగా మీరు."

అమ్మడు ఆ గొంతు వైపు తిరిగింది. "అక్కా..." అంది. తన అక్కని కాదు. ఆ రోజు దుకాణంలో పిలిచినట్టు పిలిచింది. "అక్కా, పిల్లని వదిలేయ్. అదేం చేసింది."

"నేనేం చేశాను?"

గుంట పిల్ల కనురెప్ప మీదికి వచ్చి ఆగింది. గువ్వ ఏడవడం మొదలుపెట్టింది, కదలకుండానే. కన్నీళ్లు కుడివైపు నుంచే కారుతున్నాయి.

"చెప్తాను," అంది అమ్మడు. "చెప్తాను. ఆ సంతకం ఆవిడది కాదు. నేను పెట్టాను. అక్కా, బావా, వినండి. ఒంటికి పడదని ఆవిడ చెప్పింది. చెడిపోయిన క్రీమని నాకు తెలుసు. తెలిసే రాశాను. ఫోను చేస్తే పెట్టేశాను. ఆవిడ చచ్చిపోయింది. ఆవిడ అబద్ధం ఆడలేదు. నేనాడాను."

ఒక్కొక్క మాటకీ క్రీము ఎండింది. ఎండి, పగిలి, గోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా పిల్ల ఒళ్లో రాలింది. కింద చెంప మామూలుగా ఉంది. కాస్త ఎరుపు, అంతే. అక్క ఒక్క ఊపున వచ్చి కూతుర్ని ఎత్తుకుంది. బావ ఇద్దర్నీ గుమ్మం దాకా లాగాడు. అక్క పెదాల మీద దేవుడి పేరు ఆగకుండా ఆడుతోంది.

అమ్మడు గోడకి జారబడింది. అయిపోయిందనుకుంది.

స్టూలు దానంతట అదే ఆమె ముందుకి జరిగింది. కాళ్లు నేల మీద గీరుకున్న చప్పుడు.

"నిజం చెప్పానుగా అక్కా."

"చెప్పావు. అది పిల్ల కోసం." గొంతు అతి మెత్తగా ఉంది. "ఇప్పుడు నా కోసం. రెండే నిమిషాలు."

"అమ్మడూ, వద్దే. ఇటొచ్చేయ్," అంది అక్క గుమ్మంలోంచి.

అమ్మడు అక్క చంకలోని పిల్ల వైపు చూసింది. గువ్వ మెడకి ఆ గులాబీ గుడ్డ ఇంకా కట్టే ఉంది. దాని ముడి నెమ్మదిగా బిగుస్తోంది.

అమ్మడు వెళ్లి కూర్చుంది.

ముడి విడిపోయింది. గుడ్డ కింద పడింది.

ఇనుము నుదుటికి తగిలింది. చల్లగా. అక్కడి నుంచి ముక్కు మీదుగా... పెదాల మధ్యగా... గడ్డం దాకా. ఒక్క గీత. అమ్మడు కళ్లు మూసుకుంది. మంట వస్తుందని కాచుకుంది.

మంట రాలేదు. ఏమీ రాలేదు. ఎడమవైపు అసలు ఏమీ తెలియడం లేదు.

వాసన పోయింది. లైటు స్విచ్చి బావే వేశాడు. గదిలో నలుగురే ఉన్నారు. అమ్మడి ముఖం మీద మచ్చ లేదు, వాపు లేదు. కానీ ఆ రాత్రంతా అక్క పక్కన కూర్చుని చూసింది. చెల్లెలు నిద్రపోయింది గానీ, ఎడమ కన్ను మాత్రం మూతపడలేదు. అక్క చేత్తో రెప్ప దించితే మళ్లీ తెరుచుకుంది.

పొద్దున్నే ఆ ఇంట్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. బావ తెల్ల కాగితాలు తెచ్చాడు. అమ్మడు చెప్పింది చెప్పినట్టు మూడు ప్రతులు రాశాడు. కంపెనీకొకటి, పోలీసు స్టేషనుకొకటి, ఆ కుట్టుపనావిడకి ఉన్న ముసలి తల్లికొకటి. అమ్మడు మూడింటి మీదా తన పేరే సంతకం పెట్టింది. ఏడింటికి వచ్చిన డ్రైవరుకి అక్క పెట్టె అప్పగించి, "చెల్లి ఇంక రాదు బాబూ" అంది. గువ్వని పక్కింట్లో వదిలి, ముగ్గురూ బావ కారులో ఏరు దాటారు.

కుట్టుపనావిడది రెండు గదుల ఇల్లు. కిటికీ కింద మూసిన కుట్టుమిషను. ముసలమ్మ మంచం మీద కూర్చుని ఉంది, రెండు కళ్లలోనూ శుక్లాలు. బావ కాగితం మొత్తం చదివి వినిపించాడు. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చదవడం అయ్యాక, "మా అమ్మాయి అబద్ధం ఆడలేదన్నమాట" అంది. అంతే అంది. మూడు నెలలుగా ఎత్తని తల అప్పుడెత్తింది.

"ఆ పిల్ల ఏదీ? ఇటు రా."

అమ్మడు మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. కొడుతుందనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది. ముసలమ్మ చేయి చాచి ముఖం తడిమింది. కుడి చెంప మీద చేయి గట్టిగా, కోపంగానే ఉంది. ఎడమ చెంప మీదికి రాగానే ఆగిపోయింది. మళ్లీ తడిమింది.

"జ్వరం తగ్గిందా తల్లీ?"

"తగ్గిందమ్మా."

ఆ మాట ఎవరన్నారో అక్కా బావా ఇద్దరూ చూశారు. అమ్మడి పెదాలు ఎడమ చివర మాత్రమే కదిలాయి.

"ఇంక ఎక్కడికీ పోకు," అంది ముసలమ్మ.

బావ భయంతో బయటికి నడిచి కారు స్టార్ట్ చేశాడు. అక్క చెల్లెలి భుజం పట్టుకుని, "లేవే, పోదాం. లే" అని గుసగుసలాడింది. అమ్మడు లేవబోయింది.

కుడికాలు ఒక్కటే లేచింది.